ముప్పై ఏళ్ళు చూపించలేని మనిషి

సారు పోయారన్న సంగతి ఆయన పాత జీపు డ్రైవరు చెప్పాడు. చెప్పడానికని రాలేదు. కూతురిని చూడటానికి అంకిస పోతూ, బస్సు కోసం మా దుకాణం ముందు నిలబడ్డాడు. ఒక సబ్బుబిళ్ళ కొని, దాన్ని సంచిలో వేసుకుంటూ, "గా రాళ్ళ సారు పోయిండు సేటూ, ఎండకాలంలనే" అన్నాడు. ఏ నెలలో అని అడిగాను. "చైత్రమో వైశాఖమో" అన్నాడు. సారు దగ్గర అన్నేళ్ళు పనిచేసిన మనిషి ఇంకెట్లా చెబుతాడు అనుకున్నాను.

ఎందుకంటే ఆ సారు ఏ అంకెనూ ఒంటరిగా వదిలేవారు కాదు. టైమెంత సార్ అంటే, చేతికి చక్కగా నడిచే గడియారం పెట్టుకుని, "పదికీ పదిన్నరకీ మధ్యండి" అనేవారు. చాయలో చక్కెర ఎన్ని చెంచాలు అంటే, "రెండు, ఒక అర ఇటూ అటూ." మా అమ్మ లోపలి నుంచి వినేది. "ఏందిరా గీ మనిషి, పెండ్లాం పేరన్న ఖాయంగ చెప్తడా, అదిగూడ ఇటూ అటేనా" అనేది. ఆయన వినిపించుకుని, చాయ గ్లాసు వెనక నవ్వేవారు.

ఇది ఎనభైల నాటి మాట. ఆయన పని రాళ్ళ వయసు కట్టడం. కృష్ణ ఒడ్డు ఊరివారు, ఉద్యోగం నాగ్‌పూర్లో. వరికోతలు అయ్యాక జీపులో మా సిరొంచ వచ్చి, సర్కారు బంగళాలో దిగి, ఎండలు ముదిరేదాకా ఉండేవారు. మాటకు ముందొక 'అండి', వెనకొక 'అండి'. మా వైపు అంత మర్యాద పెండ్లిచూపులప్పుడు తప్ప వినిపించదు. మొదట్లో నాతో ఎవరైనా అట్లా మాట్లాడితే నా దగ్గర ఏదో అప్పు తీసుకోబోతున్నాడని భయం వేసేది.

నేను దుకాణంవాళ్ళ ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు కూడా బేరమే: ఇంకో గరిటె అని అమ్మ, సగం చాలని మేము, చివరికి ముప్పావు గరిటె దగ్గర కుదురుతుంది. సిరొంచలో ఉప్పూ నూనే అమ్ముతూ, అడవి ఊళ్ళకు పోయి ఇప్పపువ్వు, చింతపండు కొనుక్కొచ్చేవాణ్ణి. అందుకని నాకు కాస్త గోండి, కొంత మరాఠీ, అవసరమైనంత హిందీ వచ్చు. ఏ భాషలోనైనా నేను ముందు నేర్చుకున్న మాట 'అంత కాదు' అన్నదే. సారుకు కమలాపూర్ దారిలో అడవి లోపలి బండలు కావాలి, అక్కడి జనంతో మాట్లాడే మనిషి కావాలి. నాకు ఎడ్లబండి కంటే వేగంగా పోయేది ఏదైనా కావాలి. అట్లా కుదిరింది.

అంగడిలో ఆయనకు బేరమే తెలియదు. కూరగాయలామె ఏ వంకాయ వేస్తే అది, పుచ్చుదైనా సరే, సంచి తెరిచి పట్టేవారు. అదే మనిషి బండ దగ్గరికి వస్తే మా నాన్నను మించిన బేరగాడు. సుత్తితో ఒక ముక్క కొడతారు. నాలుకతో తడి చేస్తారు. మెడలో తాడుకు కట్టుకున్న భూతద్దం కంటికి ఆనించుకుంటారు. "చెడిపోయిందండి" అని పారేస్తారు. ఇంకోటి కొడతారు. అదీ చెడిందే. "పైకి బాగానే ఉంది గద సార్" అంటే, "నీళ్ళు లోపలికి దిగిన రాయి అబద్ధం చెబుతుందండి" అనేవారు. పొద్దంతా వెతికితే ఒక మంచి ముక్క దొరికేది. దాన్ని పాత మరాఠీ పేపరులో చుట్టి, తెల్ల పట్టీ అంటించి, దాని మీద నంబరు రాసి, ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చునేవారు.

రాయి వయసు ఎట్లా తెలుస్తుందో ఒకసారి మా దుకాణంలో బెల్లం డబ్బా చూపించి చెప్పారు. ఈ డబ్బాకు మూత బిగించాక లోపల ఉన్న బెల్లం తనంతట తనే, ఎవరూ ముట్టకుండా, చాలా మెల్లగా ఉప్పుగా మారుతోంది అనుకోమన్నారు. ఏ వేగంతో మారుతుందో మనకు తెలుసు. ఎప్పుడు మూత తీసినా, బెల్లం ఎంత మిగిలింది, ఉప్పు ఎంత అయింది తూచి చూస్తే, మూత ఎప్పుడు పడిందో చెప్పవచ్చు. రాయి లోపల కూడా రుబీడియం అనే పదార్థం అట్లాగే స్ట్రాన్షియంగా మారుతూ ఉంటుందట. కరిగి ఉన్న రాయి గట్టిపడిన రోజే మూత పడ్డ రోజట.

"అసొంటి డబ్బా నా దుకాణంల ఉంటె నేను మునుగుడే సార్" అన్నాను.

"కంగారు పడకండి, సగం ఉప్పు కావడానికి కొన్ని వేల కోట్ల ఏళ్ళు పడుతుంది" అన్నారు, నాకు నిజంగానే ధైర్యం చెబుతున్నట్టు.

ఆ అడవి దారిలో ఒక చిన్న గూడెం ఉండేది. సారుకు కావలసిన మంచి గ్రానైట్ దాని వెనక గుట్టలోనే ఉంది. గూడెం చివర మద్దిచెట్ల కింద పొడుగాటి రాళ్ళు వరసగా నిలబెట్టి ఉండేవి. అక్కడ ఎవరైనా చనిపోతే, కొన్నాళ్ళకు బంధువులంతా కలిసి గుట్ట మీది నుంచి ఒక రాయి మోసుకొచ్చి, ఆ మనిషి కోసం నిలబెట్టి, వండుకుని తింటారు. పేరు రాయరు. ఏది ఎవరిదో అందరికీ తెలుసు. ఒకసారి నిలబెట్టిన రాయిని కదపరు. మొదటిసారి పోయినప్పుడు ఆ రాళ్ళను చూడగానే సారు నడుముకున్న సుత్తి తీసి జీపులో పెట్టి వచ్చారు. ఎవరూ చెప్పలేదు. గూడెం పెద్ద, బక్కపలచని ముసలాయన, అది చూశాడు. ఆ తర్వాత సారుకు గుట్టలో ఎక్కడికైనా దారి ఇచ్చారు.

ముసలాయనకు ఒక కూతురు. చింతపండు బేరంలో నన్ను ఓడించే మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే. నా తక్కెడను నాకంటే ముందు ఆమె చూసేది.

ఒక చలికాలం ఆ ఇద్దరూ నడిచి, బస్సెక్కి, మా దుకాణానికి వచ్చారు. జంగ్లాతు మనిషి, అంటే అడవి శాఖవాడు, వచ్చి పోయాడట. ఇది అడవి భూమి, మీరు ఈమధ్య వచ్చి నరుక్కున్నవాళ్ళు, కాదంటే ముప్పై ఏళ్ళ ముందు నుంచీ ఇక్కడే ఉన్నట్టు రుజువు తెచ్చి పెద్ద సాహెబు ముందు చూపించండి, లేకపోతే వచ్చే వానల లోపు ఖాళీ చెయ్యాలె అన్నాడట. ఆ ఇళ్ళల్లో కాగితం అన్నదే లేదు. సారు అప్పుడు బల్ల మీద కూర్చుని అటుకులు తింటున్నారు.

ముసలాయన ఆయన వైపు చూపించి నాతో అన్నాడు: "సేటూ, గా సారు రాయి వయసు చెప్తడు గద. మా పెద్దల రాళ్ళయి చెప్పుమను. సాలు."

నాకు ఇంతకంటే తెలివైన మాట ఆ యేడు వినిపించలేదు. రుజువు చెట్ల కింద నిలబడి ఉంది, చదివే మనిషి నా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పైగా ఆ గూడెం పోతే నా చింతపండూ పోతుంది. సారును గట్టిగా పట్టుకున్నాను.

సారు నమలడం ఆపారు. "ఆ రాయి వయసు చెప్పగలనండి. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళు. వాళ్ళు దాన్ని ఎప్పుడు నిలబెట్టారో చెప్పలేను."

"ఫరకేంది సార్?"

"మీ డబ్బా మూత ఎప్పుడు పడిందో చెప్తాను. దాన్ని ఈ అరలో ఎప్పుడు పెట్టారో ఎట్లా చెప్పను? గుట్ట మీద పడి ఉన్నా, చెట్టు కింద నిలబడి ఉన్నా రాయికి ఒకటేనండి. లోపల లెక్క మారదు."

నేను ఊరుకుంటానా. "పోనీ జర తగ్గించుండ్రి. రెండు వందల యాభై కోట్లు ఎవలకు గావాలె? వీళ్ళకు ముప్పై సాలు."

"తగ్గించడానికి అది నా సొత్తు కాదండి."

"మీ ఇటూ అటూ ఎంత?"

"మూడు నాలుగు కోట్ల ఏళ్ళు."

"గా మూడు నాలుగు కోట్లల్ల వీళ్ళ ముప్పై ఏండ్లు లేవా సార్?"

ఆయన అటుకుల పొట్లం మడిచి పక్కన పెట్టారు. "ఉన్నాయండి. వీళ్ళ తాతలు, ముత్తాతలు, మనమందరం అందులోనే ఉన్నాం. చూపించలేను, అంతే."

లారీలు తూచే కాంటా మీద ముక్కుపుడక పెట్టి బరువెంత అని అడుగుతున్నానని అప్పుడు అర్థమైంది. ముసలాయన కూతురికి మాత్రం మేమిద్దరం ఏదో కూడబలుక్కుంటున్నట్టు కనిపించింది. "సేటూ, నువ్వు తూస్తే నా చింతపండు ఎప్పుడు తక్కువనే ఉంటది. ఇయ్యాల జర మా దిక్కు ఎక్కువ తూచు" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

పోబోతుంటే సారు వాళ్ళను ఆపారు. ఇంకో చిన్న కాంటా ఉందన్నారు. రాయి నిలబెట్టిన రోజు అక్కడే వండుకుంటారు కదా, ఆ పొయ్యి బొగ్గు రాళ్ళ మొదట్లో మట్టి కింద దొరికితే, బొగ్గు లోపల కూడా ఒక పదార్థం తరుగుతూ ఉంటుంది, అది కోట్ల ఏళ్ళలో కాదు, వేల ఏళ్ళలో తూస్తుంది అన్నారు. రాయి మొదట్లో తవ్వడమనేది ఆ గూడెంలో మాటవరసకు కూడా అనరాని సంగతి. నేను దాన్ని గోండిలోకి మార్చడానికి గొంతు సవరించుకునే లోపలే ముసలాయనకు అర్థమైంది. నేల చూపులు చూస్తూ, "తవ్వుదం" అన్నాడు.

తవ్విన రోజు ముసలాయన ప్రతి రాయి ముందు ఇప్పసారా పోసి, గోండిలో మాట్లాడాడు. మీ కాళ్ళ కాడ గెలుకుతున్నం, కోపం పట్టకుండ్రి, మీరు ఉన్న తావు దక్కనీకే అన్నాడు. గూడెం ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. సారు మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డపార వద్దని, చిన్న చాకుతో మట్టి తీశారు. బొగ్గు ముక్కలు దొరికాయి. చేతితో ముట్టకుండా వాటిని వెండిరంగు కాగితంలోకి తోశారు.

బొగ్గు తీసుకుని పోయి, ఎండలు ముదరకముందే మళ్ళీ వచ్చినప్పుడు ఆయన బంగళాకు పోకుండా నేరుగా దుకాణానికి వచ్చారు. కూర్చోలేదు.

"మూడు వందల ఏళ్ళ కిందటి నుంచి నిన్నటిదాకా, ఎప్పుడైనా కావచ్చండి."

"ఇంకేం సార్, మూడు వందలు అనుండ్రి. మనకు ముప్పైయే గావాలె."

"నిన్న కూడా కావచ్చు. ముసలి చెట్టు దుంగను నిన్న కాల్చినా బొగ్గు ఇట్లాగే చూపిస్తుంది."

"నిన్న అనకుండ్రి మరి."

"రెండూ ఒక్క అంకేనండి, విడదీయలేం." ఆ మూడు వందల ఏళ్ళలో బొగ్గులో తరిగే ఆ పదార్థం గాలిలోనే ఒకప్పుడు ఎక్కువ, ఒకప్పుడు తక్కువగా ఊగిందట. అందుకని ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే ఆ కాంటా ముల్లు నిలవదట. రెండు వేల ఏళ్ళ కిందటి బొగ్గైతే ఎంతో బాగా చెప్పేవాణ్ణి అన్నారు. రెండు వేల ఏళ్ళ కిందట రాయి నిలబెట్టనందుకు ఆ గూడెం మీద నాకు ఒక్క క్షణం కోపం వచ్చింది. నా బుద్ధి అట్లాంటిది.

విచారణ సిరొంచ బంగళా వరండాలో జరిగింది. సారు రాకపోయినా అడిగేవాడు లేడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చారు. పెద్ద సాహెబు చెడ్డవాడేమీ కాదు. ఎండలో తిరిగి అలసిపోయిన మనిషి. సారుకు కుర్చీ వేయించి, డాక్టర్ సాహెబ్ అని పిలిచి, హిందీలో అడిగాడు: "ఆ రాళ్ళు ఎప్పటివి?"

"రెండు వందల యాభై కోట్ల ఏళ్ళవి."

గూడెంవాళ్ళు మెట్ల కింద కూర్చుని నా నోటి వైపు చూస్తున్నారు. అంత పెద్ద అంకెను గోండిలో ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. లెక్కపెట్టలేనంత పాతవని చెప్పాను. వాళ్ళలో ఒక కదలిక వచ్చింది. ముసలాయన లేచి రెండు చేతులు జోడించాడు. వెనక ఎవరో ముక్కు చీదారు. కూతురు నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు, బేరం గెలిచినప్పుడల్లా చూసేదే. గెలిచామనుకున్నారు. ఎందుకు అనుకోరు? ముప్పై అడిగితే లెక్కకు అందనంత వచ్చింది.

అప్పుడు సాహెబు, "వీళ్ళు వాటిని నిలబెట్టింది ఎప్పుడు?" అన్నాడు.

"చెప్పలేనండి." అప్పటిదాకా హిందీలో మాట్లాడిన మనిషికి ఆ మాట తెలుగులో వచ్చింది.

సాహెబుకు అర్థమైంది. కలం పట్టుకుని కొంచెం ముందుకు వంగాడు. "ముప్పై ఏళ్ళకు ముందా, తర్వాతా? అంత మాత్రం చెప్పండి. మీరు చెబితే నేను రాసుకుంటాను."

అది బేరంలో అవతలివాడు తనంతట తాను దిగివచ్చిన క్షణం. జన్మలో ఒకటి రెండు సార్లు వస్తుంది. నేను వెనక నుంచి సారు చొక్కా పట్టుకుని లాగాను. ఇస్త్రీ నలిగింది. ఆయన నా చెయ్యి విడిపించుకున్నారు. "ముందేనని నాకు అనిపిస్తుంది. నా పరీక్ష మాత్రం చెప్పదు" అన్నారు.

"అనిపించడం నాకూ అనిపిస్తుంది డాక్టర్ సాహెబ్," అని సాహెబు కలం పక్కన పెట్టాడు. "అది రుజువు కాదు."

జనం లేస్తున్నారు. ముసలాయన నా దగ్గరికి వచ్చి, "ఏమైంది సేటూ? పాతయే అన్నడు గద" అన్నాడు. రాళ్ళు పాతయే, మీరు నిలబెట్టింది ఎప్పుడో సారుకు తెల్వదట అని చెప్పాను. ఆయన సారు దగ్గరికి పోయాడు. తిడతాడనుకున్నాను. "నీకే తెల్వకపోతె ఇగ ఎవలకు తెలుస్తది సారూ" అన్నాడు, ఓదార్చినట్టే అన్నాడు. సారు కుర్చీలోంచి లేవలేదు. బంగళా నౌకరు వచ్చి మిగతా కుర్చీలన్నీ లోపల పెట్టుకున్నాడు.

వానలకు ముందే గూడెం లేచిపోయింది. బామ్ని వైపు రోడ్డు పక్కన గుడిసెలు వేసుకున్నారు. రాళ్ళు మద్దిచెట్ల కిందనే ఉండిపోయాయి, చుట్టూ టేకుమొక్కలు నాటారు. దసరా దాటాక ముసలాయన చనిపోయాడు. జబ్బేమీ లేదట.

సారు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆ యేడు ఆయన ఒక్క బండనూ కొట్టలేదు. ముసలాయన కూతురిని చూడటానికి పోదామన్నారు. పోయేసరికి ఆమె, బంధువులు రాయి గురించే మాట్లాడుకుంటున్నారు. ఆ చుట్టుపక్కల దొరికేదంతా ఇసుకరాయి. గోటితో గీకితే రాలుతుంది.

"ఇది నాలుగు వానలకు అరిగిపోతది. మా అయ్యకు గిసొంటిది పెట్టలేను" అంది ఆమె.

సారు జీపెక్కారు. ఆమె తమ్ముళ్ళు, డ్రైవరు, నేను ఆయనతో పోయాం. పాత గూడెం వెనక గుట్ట మీద మనిషి ఎత్తు రాయి ఒకటి ఏరారు. నాలుక ఆనించలేదు, భూతద్దం తీయలేదు, చేత్తో మాత్రం పైనుంచి కిందిదాకా నిమిరారు. దారిలో జంగ్లాతు నాకా గేటు దగ్గర గార్డు ఇదేంది అని అడిగితే, "శాంపిల్ అండి" అన్నారు. ఆ మనిషి నోట నేను విన్న మొదటి అబద్ధం అది. గార్డు ఆ రాయినీ, దాని కింద నలుగుతున్న మమ్మల్నీ చూసి గేటు ఎత్తాడు.

రాయి నిలబెట్టారు. సారా పోశారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అప్పుడు ఆమె సారుతో, "గీసారి రాయి మీద రాయాలె సారూ. ఎప్పుడు పెట్టినమో రాయి. రేపు మల్ల ఎవడన్న అడుగుతడు" అంది. వాళ్ళ రాళ్ళ మీద అంతవరకు అక్షరం పడలేదు. పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, కాదనలేదు.

సారు జీపులోంచి సుత్తి, ఉలి తెచ్చి రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఉలి ఆనించి ఆగిపోయారు. నా వైపు తిరిగి, మెల్లగా, "ఎప్పటిదని వేద్దామండి?" అన్నారు.

నా చెవులను నేను నమ్మలేదు. నమ్మాక ఆలస్యం చెయ్యలేదు. "యాభై ఏండ్లు యెనుకకు ఏయుండ్రి సార్. ఎవలు చూస్తరు? రాయి ఎట్లాగూ చెప్పదు."

ఆయన తల ఊపారు. నిజంగా ఊపారు. మొదటి గీత ఎక్కడ పెట్టాలా అని వేలితో కొలుచుకుంటున్నారు.

"ఏందట?" అంది ఆమె. చెప్పాను. ఆమె నన్ను చూసింది, సారును చూసింది.

"మా అయ్య మొన్ననే గద సచ్చింది" అంది. "యాభై ఏండ్ల కిందనే సస్తే, నేను ఏడికెల్లి వచ్చిన?"

సారు తల వంచుకుని చెక్కడం మొదలుపెట్టారు. గ్రానైట్ తొందరగా లొంగదు. అన్నాలు తిని, ముసలివాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. చివరి అంకె అయ్యాక చొక్కా అంచుతో రాతి పొడి తుడిచి పక్కకు జరిగారు. ఆమెకు చదవడం రాదు. దగ్గరికొచ్చి ఆ గీతల మీద వేలు పెట్టి తడిమింది.

"సేటూ, నువ్వు చదువు" అంది.

చదివాను. ఆ యేడే ఉంది.

ఆమె వేలు తీయకుండానే తల ఊపింది. "అంటె ఇగ మేం గీ యేడు వచ్చినోళ్ళం" అంది.